ఒకే మాంగా, రెండు కథలు: ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ను రెండుసార్లు ఎందుకు తీయాల్సి వచ్చింది?

సంక్షిప్తంగా: హిరోము అరకావా గీసిన మాంగా (జపనీస్ బొమ్మల కథ) ఆధారంగా బోన్స్ స్టూడియో 2003లో 51 ఎపిసోడ్ల సిరీస్, 2009లో 64 ఎపిసోడ్ల సిరీస్ తీసింది. మొదటిది మొదలయ్యేనాటికి మాంగాలో పావు వంతు మాత్రమే అచ్చయింది. అందుకే అది దారిలో సొంత కథ అల్లుకుంది. రెండోది మాంగాను చివరిదాకా అనుసరించింది కానీ, మొదటి సిరీస్‌లో వచ్చేసిన భాగాన్ని పరుగున దాటేసింది. రెండింటి బలాలూ లోపాలూ దర్శకుల అభిరుచి కన్నా క్యాలెండర్ వల్ల పుట్టినవే ఎక్కువ. (రెండు కథల ముగింపులూ ఈ వ్యాసంలో ఉన్నాయి. ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివారు గమనించాలి.)

అనిమే (జపనీస్ యానిమేషన్) చూడటం కొత్తగా మొదలుపెట్టినవారికి ఎవరో ఒకరు ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ చూడమని చెబుతారు. తీరా వెతికితే రెండు కనిపిస్తాయి. ఒకటి ఉత్త ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’. రెండోదానికి చివర ‘బ్రదర్‌హుడ్’ అనే తోక ఉంటుంది. పేరు చూస్తే రెండోది మొదటిదానికి కొనసాగింపేమో అనిపిస్తుంది. కాదు. అదే అన్నదమ్ములు, అదే ఊరు, చనిపోయిన తల్లిని బతికించబోయి చేసిన అదే తప్పు, అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఆ తోక కూడా విదేశాల్లో విడుదల కోసం తగిలించిందే. జపాన్‌లో రెండింటిదీ ఒకటే పేరు, ‘హగానే నో రెంకింజుత్సుషి’.

ఇంకో విచిత్రం, రెండూ తీసింది ఒకే స్టూడియో. అన్న ఎడ్వర్డ్‌కు రోమి పార్క్, తమ్ముడు ఆల్ఫోన్స్‌కు రియే కుగిమియా రెండుసార్లూ గొంతు ఇచ్చారు. మొదటి సిరీస్ ఫ్లాప్ కాలేదు. పెద్ద హిట్టయి, 2005లో దానికి కొనసాగింపుగా సినిమా కూడా వచ్చింది. అలాంటిదాన్ని, అది ముగిసి ఐదేళ్లు నిండకముందే, అదే స్టూడియో మళ్లీ మొదటి నుంచి ఎందుకు తీసినట్టు?

రీమేక్ అంటే ఇక్కడ అర్థం వేరు

తెలుగు ప్రేక్షకుడికి రీమేక్ అనగానే గుర్తొచ్చేది తమిళం నుంచో హిందీ నుంచో హక్కులు కొని, ఆ సినిమానే మన నటులతో మళ్లీ తీయడం. అక్కడ మూలం పాత సినిమాయే. అనిమేలో సాధారణంగా అలా జరగదు. పాతదానికీ కొత్తదానికీ మూలం మాంగా. అంటే 2009 సిరీస్ 2003 సిరీస్‌కు బిడ్డ కాదు, తోబుట్టువు. ‘కొత్తది పాతదాన్ని మార్చేసింది’ అనే మాట అందుకే తిరగబడుతుంది. మార్చింది పాతది. కొత్తది మూలం దగ్గరికి తిరిగి వెళ్లింది.

2009 ఏప్రిల్ 5న బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది. సరిగ్గా అదే రోజు ‘డ్రాగన్ బాల్ కాయ్’ కూడా మొదలైంది. అది మూడో రకం. పాత ‘డ్రాగన్ బాల్ జీ’లోని 291 ఎపిసోడ్ల సాగదీతను కత్తిరించి, బొమ్మను శుభ్రం చేసి, డబ్బింగ్ మళ్లీ చెప్పించిన ఎడిటింగ్ అది. ఆన్‌లైన్ చర్చల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

నెలకో అధ్యాయం, వారానికో ఎపిసోడ్

అరకావా మాంగా స్క్వేర్ ఎనిక్స్ వారి ‘షోనెన్ గంగన్’ అనే మాసపత్రికలో వచ్చింది. 2001 ఆగస్టు సంచికలో మొదలై 2010 జులై సంచికతో ముగిసింది. వేళ్ల మీద లెక్కపెడితే 108 సంచికలు. అధ్యాయాలూ 108. అష్టోత్తరం లెక్క! ఇవన్నీ కలిపి 27 సంపుటాలుగా వచ్చాయి.

మొదటి అనిమే 2003 అక్టోబర్ 4న మొదలైంది. ఎంబీఎస్, టీబీఎస్ ఛానళ్లలో శనివారం సాయంత్రం ఆరింటికి. అప్పటికి మాంగాలో సుమారు 28 అధ్యాయాలు వచ్చి ఉంటాయి. సిరీస్ నడిచేది ఏడాది. ఆ ఏడాదిలో మాంగాకు కలిసేది మహా అయితే 12 అధ్యాయాలు. అంటే చివరి ఎపిసోడ్ నాటికి చేతిలో ఉండేది 40.

ఎన్ని కావాలో తెలుసుకోవడానికి 2009 సిరీస్‌నే కొలబద్దగా తీసుకోవచ్చు. అది 108 అధ్యాయాలను 64 ఎపిసోడ్లలో చెప్పింది. సగటున ఎపిసోడ్‌కు ఒకటీ ముప్పావు కన్నా కాస్త తక్కువ. ఆ వేగంతో 51 ఎపిసోడ్లు నింపాలంటే 86 అధ్యాయాలు కావాలి. ఉన్నవి 40. అదీ చివరి రోజు లెక్క. నిజానికి స్క్రిప్టులు నెలల ముందే సిద్ధం కావాలి కాబట్టి రచయితల బల్ల మీద ఉన్నవి ఇంకా తక్కువ.

మూలం ముగియకముందే ఎందుకు మొదలుపెట్టడం అని అడగొచ్చు. టీవీ అనిమేకు డబ్బు పెట్టేది ఒక్క స్టూడియో కాదు. ప్రచురణకర్త, టీవీ ఛానల్, సంగీతం, డీవీడీలు అమ్మే కంపెనీ కలిసి ప్రొడక్షన్ కమిటీగా ఏర్పడి పెట్టుబడి పెడతాయి. ప్రచురణకర్త దృష్టిలో టీవీ సిరీస్ అంటే వారం వారం వచ్చే అరగంట ప్రకటన. మాంగా ఇంకా నడుస్తుంటేనే ఆ ప్రకటనకు విలువ. కథ ముగిసేదాకా ఆగితే, వేడి మీద అమ్ముడుపోవాల్సిన సంపుటాలు చల్లారిపోతాయి. కథకు తొందర లేదు, కమిటీకి ఉంది.

మూలం అయిపోతే మిగిలేవి మూడు దారులు. ఒకటి ఫిల్లర్. మూలంలో లేని పక్క కథలతో కాలం గడపడం. ‘నరుటో’, ‘బ్లీచ్’ చూసినవారికి ఆ అనుభవం ఉంటుంది. (తెలుగు డైలీ సీరియల్ చూసే ఇంట్లో దీన్ని విడిగా వివరించక్కర్లేదు.) రెండోది, ఉన్నంతవరకూ తీసి ఆపేయడం. మూడోది, సొంత ముగింపు రాసుకోవడం. బోన్స్ మూడోదాన్ని ఎంచుకుంది. అరకావా కూడా అందుకు ఒప్పుకున్నారు. దర్శకుడు సెయిజి మిజుషిమా, కథా కూర్పు చూసిన షో ఐకావా కలిసి మాంగా ఎటు పోతోందో ఎదురుచూడకుండా వేరే దారి వేశారు. కథ సగంలో దిక్కు తోచక దారి తప్పలేదు. ముందే చూసుకుని మలుపు తిప్పారు. 2003 సిరీస్ నిలబడటానికి పెద్ద కారణం అదే.

గొయ్యిలో ఉన్నది ఎవరు?

రెండు సిరీస్‌లు ఎక్కడ చీలిపోయాయో చూపడానికి ఒక్క ప్రశ్న చాలు.

కథ తెలియనివారికి రెండు ముక్కల్లో: అమెస్ట్రిస్ అనే దేశంలో రసవాదం ఒక శాస్త్రం. ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ ఎల్రిక్ చిన్నప్పుడే తల్లి త్రిషను పోగొట్టుకుని, నిషేధించిన విద్యతో ఆమెను తిరిగి తేవాలని చూస్తారు. ఎడ్ కాలు పోతుంది. ఆల్‌కు ఒళ్లే లేకుండా పోతుంది. తమ్ముడి ఆత్మను ఒక ఇనుప కవచానికి కట్టడానికి ఎడ్ చెయ్యి కూడా ఇచ్చేస్తాడు. పోయినవి తిరిగి తెచ్చుకోవడానికి పరుసవేది కోసం వెతుకులాట మొదలవుతుంది. వేమన కథల్లో వినిపించే ఆ పరుసవేదే, కాకపోతే ఇక్కడ దాని ముడిసరుకు మనుషుల ప్రాణాలు.

తల్లిని తేబోయిన ఆ రాత్రి, నేల మీద గీసిన రసవాద వలయం మధ్యలో ఏదో ఒకటి తయారైంది. నల్లగా, మెలితిరిగి, ఊపిరి తీస్తూ ఉన్న ఒక ఆకారం. అదేమిటి?

2003 రచయితలకు ఈ ప్రశ్న మాంగాలో దొరికింది. జవాబు దొరకలేదు. అప్పటికి అరకావా అది గీయలేదు. కాబట్టి వాళ్లే ఒక జవాబు రాసుకున్నారు: చనిపోయినవారిని బతికించే ప్రయత్నం విఫలమైనప్పుడల్లా ఒక హోమంకులస్ (కృత్రిమ మనిషి) పుడుతుంది. అది చావదు. పోయినవారి ముఖంతో తిరుగుతూ ఉంటుంది. ఈ ఒక్క నిర్ణయంతో కథ మొత్తం మారిపోయింది. ఏడు పాపాల పేర్లు పెట్టుకున్న ఏడుగురు శత్రువులూ ఎవరో ఒకరి శోకం నుంచి పుట్టినవాళ్లయ్యారు. అన్నదమ్ములు చేసిన ఆకారం స్లోత్‌గా తిరిగి వస్తుంది, తల్లి ముఖంతో. గురువు ఇజుమి పోగొట్టుకున్న బిడ్డ రాత్‌గా వస్తాడు. చివర్లో ఎడ్ తన తల్లి రూపంలో ఉన్న స్లోత్ దేహాన్ని ఆల్కహాల్‌గా మార్చేస్తాడు. ఆమె ఆవిరైపోతుంది. అంటే చేసిన తప్పును కొడుకు తన చేతులతోనే రెండోసారి చంపుకోవాలి.

మాంగా జవాబు ఆ తర్వాత వచ్చింది. ఆ అధ్యాయాలున్న 11వ సంపుటం 2005 నాటిది. అప్పటికి 2003 సిరీస్ ముగిసిపోయింది. మాంగాలో, దాన్ని అనుసరించిన 2009 సిరీస్ 20వ ఎపిసోడ్‌లో, ఎడ్ వర్షంలో పార పట్టుకుని పాత ఇంటి దగ్గర పూడ్చిపెట్టినదాన్ని తవ్వి తీస్తాడు. పక్కన ముసలి పినాకో ఉంటుంది. తవ్వుతుంటే వాంతి వస్తుంది, అయినా ఆపడు. చివరికి ఎముకలు, కాస్త జుట్టు దొరుకుతాయి. జుట్టు రంగు కలవదు. ఎముక పొడవు కలవదు. అది తల్లి కాదు. ఎప్పుడూ కాదు.

ఒకే గొయ్యి. 2003లో అందులోంచి అపరాధం లేచి వచ్చింది, 2009లో ఊరట దొరికింది. తల్లిని రెండోసారి చంపలేదన్న ఊరటతోనే ఎడ్ ఇంకో లెక్క కూడా కడతాడు. చనిపోయినవారిని ఎవరూ వెనక్కి తేలేరు. కానీ తమ్ముడు చనిపోలేదు, వాడి ఒళ్లు ఎక్కడో ఉంది. అక్కడి నుంచి కథ వెతుకులాట దాటి పోరాటంలోకి వెళుతుంది. హోమంకులస్‌లు కూడా ఇక్కడ ఎవరి శోకమూ కాదు. ‘ఫాదర్’ అనే ఒక్కడు పరుసవేదితో తయారుచేసుకున్న పనివాళ్లు. స్లోత్ అంటే ఇక్కడ దేశం కింద సొరంగం తవ్వే ఒక భారీకాయం.

ఈ రెండు జవాబుల్లో ఒకటి లోతైనది, ఇంకోటి తేలికైనది అనడానికి లేదు. కానీ 2003 సిరీస్ ఎందుకంత దిగులుగా ఉంటుంది, 2009 సిరీస్ ఎందుకంత ఉత్సాహంగా పరుగెడుతుంది అన్నదానికి కారణం ఇక్కడే ఉంది. స్వభావంలో తేడా దర్శకుడు రంగులు మార్చినందువల్ల రాలేదు.

నీనాకు ఎంత సమయం ఇచ్చారు?

ఈ కథ ఒక్క ఎపిసోడ్ చూసినవారు కూడా మర్చిపోలేని పేరు నీనా. రసవాది షౌ టకర్ కూతురు. ఉద్యోగం పోతుందన్న భయంతో టకర్ తన బిడ్డనూ కుక్క అలెగ్జాండర్‌నూ కలిపి, మాట్లాడే ఒక మృగంగా మార్చేస్తాడు.

2009లో ఈ ఉదంతమంతా నాలుగో ఎపిసోడ్ ఒక్కదాంట్లో అయిపోతుంది. పరిచయం, పెరట్లో ఆటలు, ఆ రోజు, స్కార్ అనే హంతకుడి చేతిలో మరణం, ఇరవై నాలుగు నిమిషాల్లోపే. 2003లో ఇది 6వ, 7వ ఎపిసోడ్లు రెండింటికి విస్తరించింది. పైగా కాలం మార్చారు. మాంగాలో నీనాను కలిసేనాటికి ఎడ్‌కు 15 ఏళ్లు, అప్పటికే ప్రభుత్వ రసవాది. 2003లో 12 ఏళ్లు. పరీక్షకు చదువుకోవడానికి వచ్చి టకర్ ఇంట్లోనే ఉంటాడు. మంచులో ఆటలు, టకర్ ఇంటి లైబ్రరీ, భోజనాలు, సైన్యాధికారి హ్యూస్ ఇంట్లో ఎడ్ పుట్టినరోజు, అదే రాత్రి హ్యూస్ భార్యకు కాన్పు. ఇలా ఇంట్లో పిల్లగా అలవాటైపోయాక నీనాను లాక్కుంటారు.

ఇది కేవలం సాగదీత కాదు. మాంగా మొదటి భాగంలోని విడివిడి కథలను 2003 రచయితలు తీసుకుని కాలక్రమంలో పేర్చారు. మొదటి రెండు ఎపిసోడ్లు వర్తమానంలో నడిపి, మూడో ఎపిసోడ్ నుంచి వెనక్కి వెళ్లి పిల్లలు పెరగడం చూపించారు. సరుకు తక్కువగా ఉంది కాబట్టి ఉన్న సరుకును నెమ్మదిగా వండారు. ఖాళీల్లో ట్రింగమ్ సోదరుల ఎపిసోడ్లలాంటివి అనుబంధ నవల నుంచి తెచ్చి అతికారు. కొన్ని అతుకులు కనిపిస్తాయి. పదో ఎపిసోడ్‌లోని దొంగ కథ తీసేసినా ఎవరికీ లోటు తెలియదు.

మేస్ హ్యూస్ విషయంలోనూ అంతే. 2003లో ఐదో ఎపిసోడ్ రైలు ప్రయాణంలో కనిపించిన మనిషి 25లో చనిపోతాడు. మధ్యలో ఇరవై ఎపిసోడ్లు, అంటే టీవీ ముందు కూర్చున్నవారికి ఐదు నెలలు. 2009లో పదో ఎపిసోడ్‌కే చనిపోతాడు. దృశ్యం దాదాపు ఒకటే. ఫోన్ బూత్, భార్య రూపంలో వచ్చిన హోమంకులస్ ఎన్వీ, తర్వాత అంత్యక్రియల్లో నాన్నను మట్టిలో ఎందుకు పెడుతున్నారని అడిగే పసిపిల్ల, ఆకాశం నిర్మలంగా ఉన్నా వాన పడుతోందని చెప్పే స్నేహితుడు మస్టాంగ్. అయినా 2003లో గుండెకు తగిలినంతగా 2009లో తగలదని ఎక్కువమంది అంటారు. తేడా గీతలో లేదు, ఆ మనిషితో గడిపిన వారాల్లో ఉంది.

2009కి తొందర దేనికి?

2009 దర్శకుడు యాసుహిరో ఇరియే, స్క్రిప్టు పర్యవేక్షించిన హిరోషి ఒనోగి ముందున్న సమస్య వేరు. నాలుగున్నరేళ్ల కిందటే ఇదే పేరుతో ఇదే కథ మొదటి భాగాన్ని జపాన్ అంతా చూసింది. అదే మళ్లీ నెమ్మదిగా చెబితే ఛానల్ మార్చేస్తారు. అందుకే మొదటి ఎపిసోడ్‌లో మాంగాలో లేని ఐజాక్ మెక్‌డూగల్ అనే విలన్‌ను తెచ్చి, ముఖ్య పాత్రలన్నింటినీ ఒకే రాత్రి యుద్ధంలో పరిచయం చేశారు. కొత్తవారికి అది కాస్త గందరగోళం. పాతవారికి పాత స్నేహితుల హాజరు పట్టీ.

వేగం ఎంతో ఒక గుర్తుతో తేలిపోతుంది. డబ్లిత్ ఊళ్లో గ్రీడ్ అనే హోమంకులస్ ఆల్‌ను ఎత్తుకుపోయే ఘట్టం 2003లో 33, 34 ఎపిసోడ్లలో వస్తుంది. 2009లో 13, 14లో. అంటే ముందు సిరీస్ ఎనిమిది నెలలు తీసుకున్న దారిని తర్వాతిది మూడున్నర నెలల్లో దాటేసింది. మాంగాలో తొలినాటి గని కార్మికుల కథ 2003లో పూర్తి ఎపిసోడ్. 2009లో అది చాలా తర్వాత యోకీ అనే పాత్ర చెప్పుకునే నవ్వులాట ఫ్లాష్‌బ్యాక్‌గా మిగిలింది.

ఒక రకంగా బ్రదర్‌హుడ్ స్వతంత్రంగా నిలబడే అనుసరణ కాదు. దాని తొలి డజను ఎపిసోడ్లు ప్రేక్షకుడి జ్ఞాపకం మీద అప్పు తీసుకున్నాయి. ఆ జ్ఞాపకం ఉన్నవారికి చెల్లింది. పదేళ్ల తర్వాత, పాతది చూడకుండా నేరుగా దీంతో మొదలుపెట్టిన ప్రేక్షకుడికి ఆ అప్పు తన మీద పడిన సంగతి కూడా తెలియదు. ‘మొదట్లో కొంచెం హడావుడిగా ఉంటుంది, ఓపిక పట్టు’ అని స్నేహితులు చెప్పే మాట వెనకున్న కారణం ఇదే.

ఆ తొందరలో మిగుల్చుకున్న ఎపిసోడ్లు రెండో సగంలో ఖర్చయ్యాయి. తూర్పున షింగ్ దేశం నుంచి వచ్చే లింగ్, లాన్‌ఫాన్, మే చాంగ్. ఉత్తరాన బ్రిగ్స్ కోటను కాపాడే ఒలీవియే ఆర్మ్‌స్ట్రాంగ్. వీళ్లెవరూ 2003లో లేరు. దేశమంతటా జరిగిన యుద్ధాలను పటం మీద గుర్తించి కలిపితే ఒక మహా వలయం వస్తుందన్న రహస్యం కూడా లేదు. ఇక్కడ హ్యూస్ హత్యకు కారణం కూడా మారిపోవడం గమనించాలి. మాంగాలోనూ 2009లోనూ అతను ఆ పటం రహస్యం కనిపెట్టినందుకు చనిపోతాడు. 2003లో అలాంటి పటమే లేదు కాబట్టి, దేశ నాయకుడి సెక్రటరీ గుట్టు తెలుసుకున్నందుకు చంపేస్తారు. చావు ఒకటే, చచ్చిన కారణం వేరు.

చివరి డజనుకు పైగా ఎపిసోడ్లలో ఒక్క రోజు కథ నడుస్తుంది. అప్పటిదాకా చెల్లాచెదురుగా ఉన్న పాత్రలన్నీ రాజధానిలో కలుస్తాయి. ఇంత పెద్ద కథలో ప్రతి పాత్రకూ చివర్లో ఒక పని ఉండటం అరుదు. రచయితకు ముగింపు తెలిసి ఉంటేనే అది కుదురుతుంది. మాంగా చివరి అధ్యాయం 2010 జూన్ రెండో వారంలో వచ్చింది, అనిమే జులై 4న ముగిసింది. ఒక్క ఎపిసోడ్ తయారీకే నెలలు పడుతుంది. ముగింపు ఏమిటో స్టూడియోకు ముందుగా అందకపోతే ఈ రెండు తేదీలు ఇంత దగ్గరగా రావు.

‘ఇచ్చినంతే వస్తుంది’ నిజమేనా?

కథకు ఇరుసు సమాన మార్పిడి సూత్రం. ఏది పొందాలన్నా అంతే విలువైనది ఇచ్చుకోవాలి. రెండు సిరీస్‌లూ ఈ సూత్రాన్నే చివర్లో పరీక్షకు పెట్టాయి. ఫలితాలు కలవలేదు.

2003లో అసలు విలన్ డాంటే ఎడ్‌ను నిలదీస్తుంది. ప్రభుత్వ రసవాది పరీక్షకు ఎంతోమంది నీలాగే కష్టపడ్డారు, మరి వాళ్లంతా ఎందుకు గట్టెక్కలేదు అని. మొదట్లో పరీక్షకు అంత సమయం కేటాయించినందుకు ఫలితం ఇక్కడ దక్కుతుంది. పైగా ఆ సిరీస్‌లో రసవాదానికి శక్తి ఎక్కడి నుంచో ఊరికే రాదు. రసవాదానికి ఒక ద్వారం ఉంటుంది, దానికి అవతల మన లోకం, అక్కడ చనిపోయేవారి ప్రాణాలే ఇవతల శక్తిగా మారతాయి. అవతల కనిపించేది మొదటి ప్రపంచ యుద్ధం నాటి లండన్, ఆకాశంలో జెప్లిన్లు. ఆల్ తన్ను తాను ఇచ్చేసి అన్నను బతికిస్తాడు. ఎడ్ తన్ను తాను ఇచ్చేసి తమ్ముడికి ఒళ్లు తెస్తాడు. ఫలితంగా ఆల్ పదేళ్ల పిల్లాడిగా, ఇన్నేళ్ల ప్రయాణం ఏదీ గుర్తులేకుండా మేల్కొంటాడు. ఎడ్ మన లోకంలో, జర్మనీలో చిక్కుకుపోతాడు. లెక్క సరిపోలేదు. 2005 నాటి సినిమా 1923 మ్యూనిక్‌లో నడవడానికి కారణం ఈ ముగింపే.

2009లో ఎడ్ ఇచ్చేది రసవాద విద్యను. తన లోపలి ద్వారాన్నే వదిలేసి తమ్ముణ్ణి తెచ్చుకుంటాడు. ఇకమీదట చప్పట్లు కొట్టి గోడలు లేపలేడు, మామూలు మనిషి. లెక్క సరిపోయింది. ఆ తర్వాత అన్నదమ్ములు సూత్రాన్నే కొంచెం సవరిస్తారు: పది తీసుకుంటే, దానికి తమది ఒకటి కలిపి పదకొండు తిరిగివ్వాలని.

ముగింపు తెలియకుండా రాసినవారికి ‘లెక్క సరిపోదు’ అన్న జవాబు దొరకడం, తొమ్మిదేళ్లు నెల తప్పకుండా గీసిన మనిషికి ‘కాస్త ఎక్కువే తిరిగివ్వాలి’ అన్న జవాబు దొరకడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా రెండు పనుల తీరుకూ రెండు జవాబులూ అతికినట్టు సరిపోయాయి.

మిగతా రీమేకులు ఏం చెబుతున్నాయి?

కొత్తదైతే మూలానికి దగ్గరగా ఉంటుందన్న నమ్మకం అన్నిసార్లూ నిజం కాదు. ‘హంటర్ × హంటర్’ చూడండి. 1999 నాటి సిరీస్ మాంగాలో ఉన్నట్టే మొదటి ఎపిసోడ్‌లోనే బాలుడు గాన్, కైట్ అనే వేటగాణ్ణి కలవడం చూపించింది. 2011లో మాడ్‌హౌస్ స్టూడియో మళ్లీ తీసినప్పుడు ఆ సన్నివేశం వదిలేసి, డెబ్బైకి పైగా ఎపిసోడ్ల తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో ఇరికించింది. కైట్‌కు ఏదైనా జరిగితే గాన్ ఎందుకంతగా విరిగిపోతాడో అర్థం కావాలంటే ఆ మొదటి పరిచయం కావాలి. పాత సిరీస్ అక్కడిదాకా వెళ్లనే లేదు. పునాది వేసినవారు ఇల్లు కట్టలేదు, ఇల్లు కట్టినవారు పునాది వదిలేశారు.

‘ఫ్రూట్స్ బాస్కెట్’లో రచయిత్రి నత్సుకి తకాయా పట్టుదల పనిచేసింది. 2001లో వచ్చిన 26 ఎపిసోడ్ల తర్వాత, 2019 నుంచి 2021 వరకు 63 ఎపిసోడ్లలో కథ మొత్తం వచ్చింది. ఆమె పర్యవేక్షణలో, కొత్త గొంతులతో. అప్పటికి మాంగా ముగిసి పదేళ్లు దాటింది కాబట్టి క్యాలెండర్ గొడవ లేదు. ‘షామన్ కింగ్’కు కూడా ఆ గొడవ లేదు. అయినా 2021లో 35 సంపుటాల కథను 52 ఎపిసోడ్లలో కుక్కారు. బ్రదర్‌హుడ్ 27 సంపుటాలకు 64 తీసుకుందని గుర్తుంచుకుంటే ఆ ఇరుకు ఎంతో తెలుస్తుంది. మూలం చేతిలో ఉండటం ఒక్కటే సరిపోదు, ఎన్ని ఎపిసోడ్లకు కమిటీ డబ్బు పెడుతుందన్నది కూడా చూడాలి.

ఇప్పుడు ఇలాంటి జంటలు ఎందుకు తగ్గుతున్నాయి?

ఏడాది పొడవునా ఆగకుండా నడిచే పద్ధతి గత పదిహేనేళ్లలో బాగా తగ్గింది. ఇప్పుడు 12, 13 ఎపిసోడ్లు తీసి ఆపుతారు. మాంగా ముందుకు వెళ్లాక మళ్లీ వస్తారు. ‘అటాక్ ఆన్ టైటాన్’ మొదటి సీజన్ 2013లో వస్తే రెండోది 2017లో వచ్చింది, ముగింపు 2023లో. ప్రేక్షకుడు నాలుగేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది కానీ సొంత ముగింపు రాసే అవసరం ఎవరికీ పడలేదు. స్ట్రీమింగ్ వల్ల పాత సీజన్ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది కాబట్టి ఆ విరామం వ్యాపారాన్ని చంపదు. 2003లో శనివారం ఆరింటి స్లాట్ ఖాళీగా వదిలితే ఇంకొకరు కూర్చునేవారు.

దీనికి మూల్యం ఉంది. 2003 ఫుల్‌మెటల్ లాంటి వింత, అంటే పూర్తి బడ్జెట్‌తో, రచయిత్రి ఒప్పుదలతో, మూలానికి ఎదురు జవాబు చెప్పే సిరీస్, ఇప్పటి పద్ధతిలో పుట్టడం కష్టం. ఇక ముందు వచ్చే రీమేకులకు కారణం ముగింపు కాకపోవచ్చు, నిడివి కావచ్చు. 1999 నుంచి నడుస్తూ వెయ్యికి పైగా ఎపిసోడ్లు దాటిన ‘వన్ పీస్’ను మొదటి నుంచి మళ్లీ తీస్తున్నట్టు 2023 డిసెంబర్‌లో ప్రకటించారు. అక్కడ పాత కథ దారి తప్పలేదు. దాన్ని మొదటి నుంచి చూసే ఓపిక కొత్తవారికి లేదు.

తెలుగులో చూసేవారి సంఖ్య పెరిగేకొద్దీ ఈ గందరగోళం ఇక్కడికీ వస్తుంది. అనిమే స్ట్రీమింగ్ వేదిక క్రంచీరోల్‌లో తెలుగు డబ్బింగులు వస్తున్నాయి. 2025 సెప్టెంబర్‌లో ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ థియేటర్లలో తెలుగులోనూ విడుదలైంది. కొత్త ప్రేక్షకుడు వెనక్కి వెళ్లి పాత సిరీస్‌లు వెతికినప్పుడు ఏది ముందు అన్న ప్రశ్న తప్పదు. రేటింగులు చూసి ఎంచుకుంటే బ్రదర్‌హుడ్ వైపే వెళతారు. అనిమేలకు రేటింగులిచ్చే సైట్ మైఅనిమేలిస్ట్‌లో ‘ఫ్రీరెన్’ అనే సిరీస్ వచ్చేదాకా చాలా ఏళ్లు మొదటి స్థానం దానిదే.

ఫుల్‌మెటల్ మట్టుకు 2003ది ముందు చూస్తేనే రెండూ దక్కుతాయి. నీనా, హ్యూస్ ఎవరో తెలిసి ఉంటుంది కాబట్టి 2009లోని తొలి పరుగు ఇబ్బంది పెట్టదు. వరుస తిప్పి, 2009ది చూసి వెనక్కి వెళితే తమకు అంతా తెలుసన్న ధీమాతో కూర్చుంటారు. సొరంగం తవ్వే భారీకాయం కోసం ఎదురుచూస్తుంటే స్లోత్ అన్న పేరుతో వాళ్లమ్మ నడిచి వస్తుంది. అలా ఉలిక్కిపడటం ఇష్టమైనవారికి ఆ వరుస కూడా చెడ్డదేం కాదు.